వాదీకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

ఒమన్‌లో శుక్రవారం సెలవు రాగానే మనవాళ్లు చాలామంది వాదీ షాబ్‌కో, వాదీ బనీ ఖాలిద్‌కో బయల్దేరతారు. వాదీ అంటే మన వాగే. కాకపోతే చాలా వాదీల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు రాళ్లూ ఇసుకే కనిపిస్తాయి. మోసమంతా అక్కడే ఉంది, వరద ఒక్కసారిగా వచ్చేస్తుంది.

- వాతావరణ సూచన మీరున్న ఊరికి కాదు, ఎగువన ఉన్న హజర్ కొండలకు చూడండి. ఆ రాతి కొండలు నీళ్లను పెద్దగా ఇంకనివ్వవు. అక్కడ కురిసిన వాన ఎండ కాస్తున్న చోటికి కూడా ముంచుకొస్తుంది. కొండల మీద మబ్బు పడితే ప్రయాణం మానుకోండి, వాదీ ఎక్కడికీ పోదు.
- టెంట్, కారు రెండూ గట్టు మీదే. మెత్తటి ఇసుక చూసి ఆశపడొద్దు, దాన్ని తెచ్చి పోసింది వరదే.
- లోయలో సిగ్నల్ ఉండకపోవచ్చు. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో రూమ్‌లో చెప్పి వెళ్లండి.
- నీళ్లు బురద రంగుకి మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు వినిపించినా సామాన్లు వదిలేసి పైకెక్కండి. బిర్యానీ గిన్నె కోసం వెనక్కి వెళ్లొద్దు.
- రోడ్డు మీద నీరు పారుతుంటే ఆగిపోండి. 30 సెంటీమీటర్ల నీటికే చిన్న కారు తేలుతుంది, 60 దాటితే పెద్ద బండ్లూ కొట్టుకుపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్న ధైర్యం పనికిరాదు. పక్కన ఎమిరేట్స్‌లో అయితే పారే వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హామ్‌ల జరిమానా, 60 రోజులు బండి జప్తు.
- ఒమన్‌లో అత్యవసర నంబర్ 9999.