నూటయాభై ఏళ్ల నాటి పిచ్చర్ జీవితం రాయదలచినవారికి

మరచిపోయిన పాతతరం బేస్‌బాల్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాడు) గురించి తెలుగులో రాయదలచినవారు మొదట అతడు గెలిచిన ఆటల లెక్క పక్కన పెట్టి, అతడు ఆడిన ఏడాదిలో ఏ నిబంధనలు అమల్లో ఉండేవో రాసిపెట్టుకోవాలి. బాబీ మాథ్యూస్‌నే తీసుకుందాం. బాల్టిమోర్‌లో 1851లో పుట్టిన ఈ పొట్టి మనిషి 1871 మే 4న, పందొమ్మిదేళ్ల వయసులో, ఫోర్ట్ వేన్ జట్టు తరఫున బంతి వేసి క్లీవ్‌లాండ్‌ను 2-0తో ఓడించాడు. తొలి వృత్తి క్రీడాకారుల లీగ్ అయిన నేషనల్ అసోసియేషన్‌లో మొట్టమొదటి ఆట అదే.

నాడు పిచ్చర్‌కూ బ్యాటర్‌కూ నడుమ దూరం 45 అడుగులు. బంతిని చేయి కిందినుంచి ఊపుతూ వేయాలి. క్రికెట్‌తో పెరిగిన విశాఖ పాఠకులకు ఇది అంకెలతో బోధపడదు. ఒక సాయంత్రం ఆర్.కె. బీచ్‌కు వెళ్లి ఇసుకలో 15 గజాలు కొలిచి, ఒకరు బ్యాటు పట్టుకోగా మరొకరు అండర్‌ఆర్మ్ బంతి వేసి చూడండి. మన 22 గజాల పిచ్ కన్నా అది ఎంత దగ్గరో తెలిసిన తరువాతే ఆ పేరా రాయండి. ఈ దూరం 1881లో 50 అడుగులకు, 1893లో 60 అడుగుల 6 అంగుళాలకు పెరిగింది. మాథ్యూస్ 1887లోనే ఆట ముగించాడు కనుక నేటి దూరం నుంచి అతడు ఒక్క బంతీ వేయలేదు.

ఇక పిచ్చర్ ఖాతాలో రాసే గెలుపుల లెక్క. ఒకచోట 297 అని, మరొకచోట 166 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. నేషనల్ అసోసియేషన్‌ను మేజర్ లీగ్‌గా, అంటే అత్యున్నత స్థాయి లీగ్‌గా, అధికారికంగా గుర్తించకపోవడంతో అక్కడి 131 గెలుపులను కొందరు కలుపుతారు, కొందరు కలపరు. మీరు ఏది వాడారో, ఎందుకు వాడారో ఒక వాక్యంలో చెప్పి తీరాలి. అన్నీ కలిపితే, పిచ్చర్లకు మైలురాయి అయిన మూడు వందలకు మూడే తక్కువ, అయినా బేస్‌బాల్ మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతడికి చోటు లేదు. ఆ మూడూ గెలిచి ఉంటే కథ మరోలా ఉండేదేమోనని నాకు అనిపిస్తుంది గానీ, అలాంటి ఊహను వ్యాసంలో ఊహగానే రాయాలి.

ఆధారాల కోసం అమెరికా వెళ్లనక్కరలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డిజిటైజ్ చేసిన పాత పత్రికలను ఇంట్లో కూర్చుని ఉచితంగా చదవవచ్చు. ఆనాటి స్కోరు పట్టికల్లో తరచుగా ఇంటిపేరు మాత్రమే అచ్చయ్యేది కనుక, జట్టు పేరు, ఊరు, తేదీ మూడూ సరిపోలనిదే ఆ మనిషే ఈ మనిషని నిర్ణయించకండి. మాథ్యూస్ ఇంటిపేరును ఇంగ్లీషులో ఒక 'టి'తోనూ, రెండు 'టి'లతోనూ వెతకాలి.

'మొట్టమొదట' అన్న మాట దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బంతిని గాలిలో వంచే కర్వ్ విద్యకు ఆద్యుడిగా క్యాండీ కమింగ్స్‌ను 1939లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేశారు. చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలు విసురుతుండగా ఆ ఆలోచన వచ్చిందని అతడే పెద్దవాడయ్యాక చెప్పుకున్నాడు. ఆ గౌరవాన్ని కోరిన పిచ్చర్లు మరికొందరూ ఉన్నారు. ఇటువంటి చోట 'కనిపెట్టాడు' అని రాయకుండా, 'కనిపెట్టానని చెప్పుకున్నాడు' అని రాయండి.