క్యారెక్టర్ ఆర్టిస్ట్ అవ్వాలంటే – 4వ పాఠం: పళ్లతోనా, పళ్లు లేకుండానా?

పోయిన పాఠంలో గొంతు మీద పనిచేశాం. ఈసారి ఒళ్లు. పాత్రకి ఒక అలవాటు ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని ఎప్పుడు వదిలేయాలి, అంతే. దీనికి మన మాస్టారు పాత హాలీవుడ్ క్యారెక్టర్ ఆర్టిస్ట్ వాల్టర్ బ్రెనన్.

1894లో మసాచుసెట్స్‌లోని లిన్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో చేసి, తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లి, రియల్ ఎస్టేట్‌లో చేతులు కాల్చుకుని, పొట్టకూటి కోసం సినిమాల్లో ఎక్స్‌ట్రాగా, స్టంట్‌మన్‌గా గుంపులో నిలబడ్డాడు. 1932లో షూటింగ్‌లో ముఖానికి దెబ్బ తగిలి పళ్లు ఊడిపోయాయి. హీరో అయితే అక్కడితో దుకాణం కట్టేసేవాడే. ఈయన కట్టుడు పళ్లు పెట్టించుకుని, వాటినే పనిముట్టు చేసుకున్నాడు. 1935లో 'బార్బరీ కోస్ట్' వేషం కోసం వెళ్లినప్పుడు దర్శకుడు హోవర్డ్ హాక్స్‌ని "ఉండాలా, లేకుండానా?" అని అడిగాడట. ఏవి అంటే, పళ్లు! హాక్స్ తర్వాత రోజుల్లో నవ్వుతూ చెప్పుకున్న కథ ఇది. అప్పటికి బ్రెనన్‌కి 40 దాటిందంతే, చేసింది ముసలి వేషం.

ఆ తర్వాత 1936, 1938, 1940 సినిమాలకి మూడు ఆస్కార్లు, మొదటిదైతే సహాయ నటుడి అవార్డు పెట్టిన తొలి ఏడాదే. అప్పట్లో ఎక్స్‌ట్రాలకీ ఓటు ఉండేది కాబట్టి 'మనోడు' అని గుద్దేశారని గొణిగినవాళ్లూ ఉన్నారు. ఉండనీండి. సినిమాలు చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు పాఠం. 'టు హ్యావ్ అండ్ హ్యావ్ నాట్' (1944) పెట్టుకుని బ్రెనన్ వేసిన ఎడ్డీని మాత్రమే చూడండి, హీరో బోగార్ట్‌ని ఈ ఒక్కసారికి వదిలేయండి. ఎడ్డీ తాగుబోతు. మన షార్ట్ ఫిల్ముల్లో తాగుబోతు అంటే తూలడం, ముసలాయన అంటే దగ్గు, చేతికర్ర. ఎడ్డీ అలా కాదు, కుదురుగా నడవాలని తాపత్రయపడతాడు, కాళ్లు మాట వినవు, ఆ పెనుగులాటే నడక అయిపోయింది. ఇంకొకటి, కనబడిన కొత్తవాళ్లనల్లా "చచ్చిన తేనెటీగ నిన్నెప్పుడైనా కుట్టిందా?" అని అడుగుతాడు. పిచ్చి ప్రశ్నలా ఉంటుంది కానీ దానితో మనిషిని తూకం వేస్తున్నాడు. విసుక్కున్నవాడు పనికిరాడు, హీరోయిన్ లారెన్ బకాల్ మాత్రం తొణక్కుండా "మరి నిన్నో?" అని తిరిగి అడుగుతుంది, అంతే, ఎడ్డీ ముఖం వెలిగిపోతుంది. అలవాటంటే ఇదీ. దానికో పని ఉండాలి, పని లేకపోతే అది ఓవరాక్షన్.

'రెడ్ రివర్' (1948)లో పళ్లే కథలోకి వచ్చేశాయి. గ్రూట్ అనే వంటవాడు పేకాటలో తన కట్టుడు పళ్లు పోగొట్టుకుంటాడు, గెలిచినవాడు భోజనం వేళకి మాత్రం ఇస్తుంటాడు. నవ్వొస్తుంది, నిజమే, కానీ పళ్లు లేనప్పుడు, ఉన్నప్పుడు ఆయన మాట ఎలా మారుతుందో చెవి పెట్టి వినండి.

ఇక అసలు కష్టం, వదిలేయడం. 'మై డార్లింగ్ క్లెమెంటైన్' (1946)లో ముసలి క్లాంటన్‌గా బ్రెనన్ విలన్. కొక్కిరి నవ్వు లేదు, కుంటి నడక లేదు. కొడుకులని కొరడాతో బాదే సీన్‌లో కూడా అరిచి గోల చెయ్యడు, అందుకే ఒళ్లు జలదరిస్తుంది. నన్నడిగితే ఆస్కార్ వచ్చిన మూడింటికన్నా ఇదే గొప్ప.

అభ్యాసం: రోజూ చూసే మనిషిని ఒకరిని ఎంచుకోండి, టీ కొట్టాయన కావచ్చు, బస్ కండక్టర్ కావచ్చు. మెడ నొప్పో, చెవుడో, చిల్లర టెన్షనో, ఆయన ఒంట్లో ఒక అలవాటుకి కారణం ఊహించండి. రెండు నిమిషాల సీన్ ఫోన్‌లో మూడుసార్లు తీయండి: అలవాటు నిండుగా ఒకసారి, సగానికి తగ్గించి ఒకసారి, అసలు లేకుండా ఒకసారి. మూడూ ఒక ఫ్రెండ్‌కి చూపించి "ఇతను ఎలాంటివాడు?" అని మాత్రమే అడగండి. "కుంటుతున్నాడు" అన్నారంటే మళ్లీ తీయాల్సిందే, "ఎవరినీ నమ్మడు" లాంటి మాట వస్తే ఆ టేక్ దాచుకోండి. మూడోదాంట్లోనూ ఆ మనిషే కనిపిస్తే, మీకు పాఠం వంటబట్టినట్టే.

వచ్చే పాఠం ఎదుటివాళ్ల డైలాగ్ వినడం గురించి. ఆలోపు 'రియర్ విండో' (1954)లో థెల్మా రిట్టర్‌ని చూసి రండి, సౌండ్ ఆపేసి.