బార్జీలు నడిపే ఇంట్లో రెండో వ్యాపారం: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బు ఎలా విడదీయాలి

కాకినాడలో ఓడలకు బియ్యం చేరవేసే బార్జీల కుటుంబం రెండో వ్యాపారం పెట్టాలనుకుంటే, చేతిలో ఎంత డబ్బుందో లెక్క వేసుకునే ముందు, ఉన్న బార్జీలన్నింటినీ స్లిప్‌వే (రిపేరుకు బార్జీని నీళ్లలోంచి పైకి లాగే ఏటవాలు పట్టాలు) ఎక్కించి అడుగు ప్లేటు మందం కొలిపించండి. తాత, తండ్రి నడిపి మూడో తరం చేతికి వచ్చిన బార్జీల ఖాతాలో లాభంగా కనిపించేదాంట్లో కొంత నిజానికి అరిగిపోయిన ఇనుమే.

40 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న బల్లపరుపు బార్జీ అనుకుందాం. అడుగు 400 చదరపు మీటర్లు. 8 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు దాదాపు 63 కిలోలు తూగుతుంది కాబట్టి అడుగుకే 25 టన్నుల ఇనుము పడుతుంది. శబ్ద తరంగాలతో మందం చెప్పే అల్ట్రాసోనిక్ గేజీతో, గళ్లు గీసి కొలిపించాలి. 6 మి.మీ. చూపించిన చోట నాలుగో వంతు తినేసినట్టే, అక్కడ ప్లేటు మార్చక తప్పదు. బయట రంగు నిగనిగలాడుతోందని వదిలేయకండి. ఎక్కువ తినేది లోపలి గదుల మూలల్లో, ఫ్రేముల సందుల్లో నిలిచిపోయే ఉప్పునీళ్లు. అక్కడ తుప్పు పొరను సుత్తితో కొట్టి రాల్చాకే కొలవాలి, లేకపోతే తుప్పు మందం కూడా ప్లేటు మందంలో కలిసిపోతుంది.

మార్చాల్సిన ఇనుము, కోత, వెల్డింగు కూలి, స్లిప్‌వే అద్దె, పని లేకుండా పోయే రోజుల కిరాయి, ఇవన్నీ కూడి, వచ్చే రిపేరు దాకా ఉన్న నెలలతో భాగించండి. ఆ మొత్తం ప్రతి నెలా వేరే ఖాతాలోకి పోవాలి. అది పోగా మిగిలిందే పెట్టుబడి. ఈ లెక్క వేయకుండా రొయ్యల చెరువులోనో స్థలంలోనో డబ్బు పెడితే, రెండేళ్లకు బార్జీని రిపేరుకు గట్టెక్కించాల్సి వచ్చినప్పుడు పాత వ్యాపారమే అప్పు చేయాల్సి వస్తుంది.

ఆ తరవాత మూడేళ్ల లాగ్‌బుక్కులు ముందేసుకుని నెలకో గడి చొప్పున ఒక చిట్టా రాయండి. సరుకు మోసిన రోజులెన్ని, జెట్టీ దగ్గర వంతు కోసం ఆగిన రోజులెన్ని, రిపేరులో ఎన్ని, గాలివానకు కట్టేసినవెన్ని. డెల్టాలో పనులను ఆపేవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది ఢిల్లీ ఉత్తర్వు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, 2024 సెప్టెంబరు 28న ఎత్తేసింది. పద్నాలుగు నెలలు! ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు గానీ నిషేధించలేదు. అందుకే పచ్చి బియ్యం ఒక్కటే మోసేవారికీ, రెండూ మోసేవారికీ ఆ పద్నాలుగు నెలలు ఒకేలా గడవవు. అంతకు ముందు 2008 నుంచి 2011 దాకా కూడా బాస్మతి కాని బియ్యానికి ఇలాంటి నిషేధమే ఉంది. ఒక తరంలో రెండుసార్లు వచ్చినదాన్ని అరుదని లెక్కలోంచి తీసేయకూడదు.

రెండోది తుఫాను. మే నెలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ దాని భయం ఉంటుంది. హోప్ ఐలాండ్ అడ్డుండి కాకినాడ అఖాతంలో కెరటాలు తగ్గినా, వాన పడుతుంటే బియ్యం ఉన్న హేచీ (సరుకు గది మూత) తెరవలేరు. బరకం కప్పుకుని కూర్చోవాల్సిందే. మూడోది గోదావరి వరద. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నదిలో లాంచీలు, పంట్లు ఆగిపోతాయి గానీ కాకినాడ బార్జీకి దీనితో నేరుగా సంబంధం లేదు. నాలుగోది వేసవిలో కాలవలు కట్టేయడం. ఇది పొలాన్ని, చెరువును తాకుతుంది, బార్జీని కాదు.

ఇప్పుడు మీరు అనుకుంటున్న కొత్త వ్యాపారం పక్కన, ఈ నాలుగింటిలో దాన్ని ఆపేవేవో రాయండి. బార్జీని ఆపే రెండూ, అంటే ఉత్తర్వూ తుఫానూ, దాన్నీ ఆపుతుంటే అది రెండో వ్యాపారం కాదు, ఉన్నదాన్నే ఇంకాస్త పెంచడం. ఉదాహరణకు ఇంకో రెండు బార్జీలు కొని సొంతంగా బియ్యం ఎగుమతి మొదలుపెడితే లాభం పెరగొచ్చు, కానీ ఉత్తర్వు వచ్చిన రోజు కిరాయీ పోతుంది, సరుకూ నిలిచిపోతుంది.

బార్జీ కుటుంబానికి మొదటి అడుగుగా స్లిప్‌వే, రిపేరు యార్డు సరైనదని మా గట్టి అభిప్రాయం. పని తెలుసు, మొదటి ఖాతాదారు ఇంట్లోనే ఉన్నాడు, నిషేధం వచ్చి బార్జీలు ఖాళీగా ఉన్నప్పుడే అందరూ రిపేరు పెట్టుకుంటారు. స్థలం విషయంలో తొందర వద్దు. ఏటి ఒడ్డున మడచెట్లు ఒక్క వరుస ఉన్నా ముందు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) మ్యాపు తెప్పించి, సర్వే నంబరు ఎక్కడ పడుతుందో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. కోరింగ చుట్టుపక్కల అభయారణ్యం సరిహద్దు కూడా చూసుకోవాలి. చవగ్గా వస్తున్న ఏటిగట్టు స్థలం చాలాసార్లు ఇందుకే చవక.

స్లిప్‌వే పని తిథిని బట్టి నడుస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, బార్జీని అప్పుడే లాగాలి. అష్టమి రోజుల్లో పోటు చాలదు. ఆ రెండు మూడు రోజులు తప్పిపోతే బార్జీ ఇంకో పక్షం, అంటే దాదాపు పదిహేను రోజులు, నీళ్లలోనే ఉండిపోతుంది. దింపేటప్పుడూ అంతే. ఉక్కు రావడం ఆలస్యమై, పని అష్టమి నాటికి పూర్తయితే ఆ పట్టాల మీద ఇంకో బార్జీకి చోటు ఉండదు. కాబట్టి ప్లేట్లు, వెల్డింగు రాడ్లు, జింకు ఆనోడ్లు (ప్లేటుకు బదులు తాము తుప్పు పట్టే జింకు దిమ్మలు) యార్డులోకి చేరాకే బార్జీని పైకి లాగండి. వించీ (బార్జీని లాగే యంత్రం) తాడులో తీగలు తెగి ముళ్లలా లేచి కనిపిస్తే ఆ పోటుకు లాగడం మానేయాలి. తాడు తెగితే బార్జీ వెనక్కి జారడం ఒక్కటే కాదు, తెగిన కొస ఎదురుగా ఉన్న మనిషిని నరికేస్తుంది. లాగుతున్నంతసేపూ తాడు వరసలో ఎవరూ నిలబడకూడదు.

ఈ యార్డులో జరిగే పెద్ద తప్పు సొంత బార్జీకి ఉచితంగా పని చేయడం. అన్న బార్జీ చూస్తాడు, తమ్ముడు యార్డు చూస్తాడు, బిల్లు రాయరు. మూడేళ్లకు యార్డు నష్టంలో ఉందని తమ్ముడి మీద మాట పడుతుంది. బయటివాళ్లకు వేసే రేటే ఇంటి బార్జీకీ వేసి, బిల్లు రాసి, బ్యాంకు ద్వారా చెల్లించండి. రెండు సంస్థలూ వేరైతే జీఎస్టీ కూడా అలాగే పడుతుంది. రెండో ఏటి చివరికి రాబడిలో కనీసం మూడో వంతు బయటి బార్జీల నుంచి రాకపోతే అది వ్యాపారంగా నిలబడలేదనే అనుకోవాలి.

గోదాము కట్టేటట్లయితే రేవు లోపల కాకుండా లారీ రోడ్డు మీద కట్టండి. ఎగుమతి ఆగితే ధాన్యానికో ఎరువులకో అద్దెకివ్వొచ్చు. పునాది ఎత్తు ఆ ఊళ్లో ముసలివాళ్లు చూపించే వరద గుర్తు కంటే పైన ఉండాలి. బస్తాల కింద చెక్క క్రేట్లు వేయాలి, గోడకూ బస్తాల నెట్టుకూ మధ్య రెండున్నర అడుగులు వదలాలి. తేమ 14 శాతం దాటిన బియ్యాన్ని లోపలికి తీసుకోవద్దు, పక్క నెట్టు కూడా ముక్కిపోతుంది.

ఎగుమతి, దిగుమతి సరుకుకు కస్టమ్స్ కాగితాల పని చేసిపెట్టే కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సుకు పెట్టుబడి తక్కువ గానీ మనిషి కావాలి. డిగ్రీ ఉన్నవాళ్లే పరీక్ష రాయాలి. ఇంట్లో చదువుకున్న అమ్మాయో కోడలో ఉంటే ఇది వాళ్లకు సొంత పేరు మీద నిలబడే పని. పర్యాటక లాంచీల జోలికి మాత్రం సరుకు అనుభవంతోనే వెళ్లొద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీదుండగా కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. బస్తా పెట్టినచోటే ఉంటుంది. మనుషులు ఏదైనా కనిపిస్తే అందరూ ఒకే వైపుకు వస్తారు.

బార్జీ అడుగున అడ్డగోడలు ఎందుకుంటాయో మీకు తెలుసు. ఒక గదిలోకి నీళ్లు దిగినా మిగతావి తేలుస్తాయి. ఆస్తిపత్రాలూ అలాగే ఉండాలి. భాగస్వామ్య సంస్థలో అప్పుకు ప్రతి భాగస్వామి సొంత ఇల్లూ పూచీయే. ఇద్దరే భాగస్వాములుండి ఒకరు కాలం చేస్తే డీడులో ఏం రాసుకున్నా సంస్థ రద్దయినట్టే. అందుకే బార్జీలకు ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, యార్డుకు వేరే కంపెనీ లేదా ఎల్ఎల్‌పీ (పరిమిత పూచీ భాగస్వామ్యం) పెట్టండి. యార్డు అప్పుకు బార్జీ తాకట్టు పెట్టమని బ్యాంకు అడుగుతుంది. ఒప్పుకుంటే మధ్య గోడకు మీరే కన్నం పెట్టినట్టు. అప్పు తగ్గించి తీసుకోండి, లేదా సగం పనితో మొదలుపెట్టండి.

ముగ్గురు అన్నదమ్ములకు తలా మూడో వంతు వాటా ఉంటే, 75 శాతం ఓట్లు కావాల్సిన ప్రత్యేక తీర్మానాన్ని ఏ ఒక్కరైనా ఆపగలరు. ఇది ఇష్టమా కాదా అన్నది వాటాలు రాసే రోజే మాట్లాడుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కుంది. 2005 సవరణతో అది దేశమంతా వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు అది పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. ఆడపడుచు సంతకం తరవాత చూద్దామని బార్జీని కంపెనీ పేరుకు మార్చేస్తే, పదేళ్లకు అమ్మకం దగ్గర కేసు పడుతుంది.

వాటాలకు వెల కట్టేటప్పుడు పుస్తకంలో ఉన్న విలువ తీసుకోవద్దు. ఆదాయపు పన్ను లెక్కలో ఓడలకు ఏటా 20 శాతం తరుగుదల కాబట్టి, 100 రూపాయల బార్జీ పదేళ్లకు పుస్తకంలో 11 రూపాయల లోపే. అడుగు మార్చిన మంచి బార్జీ అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. బయటికెళ్లే తమ్ముడికి పుస్తకం విలువ చూపిస్తే అది అన్యాయం. కొత్త బార్జీ ధర చూపిస్తే ఉండిపోయేవాడికి అన్యాయం. మందం కొలిచిన కాగితంతో బయటి సర్వేయరు కట్టిన వెలే తీసుకోవాలి, సర్వేయరు ఫీజు అందరూ కలిసి ఇవ్వాలి.

పిల్లల్ని కొత్త కంపెనీ కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఒక సీజను బార్జీ మీద సరంగు (బార్జీ నడిపే పెద్ద) కింద ఉంచండి. పీకలదాకా నిండిన బార్జీ ఒక సెంటీమీటరు దిగితే ఎంత బరువో అతనికి లెక్క తెలియాలి. పైన చెప్పిన కొలతల బార్జీకి ఉప్పునీళ్లలో అది 4.1 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 82. బార్జీ ఎంత మునిగిందో చూపే డ్రాఫ్టు గుర్తు చదివి, బస్తాల లెక్క రాసే టాలీ పుస్తకంతో పోల్చగలిగితే, బస్తాలు ఎక్కడ తగ్గాయో ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటాడు.

కొత్త కంపెనీ మూసేయాల్సిన గుర్తు కూడా మొదటి రోజే రాసి, అందరి సంతకాలు పెట్టించండి. వరుసగా ఎన్ని నెలలు జీతాలకు బార్జీ కంపెనీ నుంచి డబ్బు తేవాల్సి వస్తే ఆపేస్తారు, అప్పుడు యంత్రాలు ఎవరు అమ్మాలి, బాకీల్లో మొదట ఎవరికి చెల్లించాలి, ఇవన్నీ అందులో ఉండాలి. కూలీల బకాయి మొదటి వరసలో రాయండి. వెల్డర్లు, ఖలాసీలు రేపు బార్జీ గట్టెక్కినప్పుడు మళ్లీ కావలసినవాళ్లే.