మన ఎండలకు తగిన చిన్న కుందేలు జాతిని ఎంచుకోవడం

ఇంట్లో పెంచుకోవడానికి కుందేలు కొనాలనుకునేవారు సాధారణంగా రెండే అడుగుతారు: చిన్నదిగా ఉండాలి, పిల్లలతో కలివిడిగా ఉండాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండేవారు ఈ రెండింటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ కుందేలు మే నెల మధ్యాహ్నాన్ని తట్టుకుంటుందా? కుందేలుకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు. కుక్కలాగా నాలుక చాపి రొప్పుతూ వేడిని వదిలించుకోవడమూ దానికి సరిగా చేతకాదు. ఒంటి వేడి ప్రధానంగా చెవుల్లోని రక్తనాళాల ద్వారానే బయటికి పోవాలి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది, 30 దాటితే ఇబ్బంది పడుతుంది, 35 దాటితే వడదెబ్బకు ప్రాణమే పోవచ్చు. రోహిణి కార్తెలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు, తీరం వెంబడి ఊళ్లలో ఉక్కపోత దానికి అదనం.

జాతిని ఎంచుకోవడంలో ఈ ప్రాంతపు గొర్రెల కాపరులకు తెలిసిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. జోడిపి, పల్ల, డోర అని మనవాళ్లు పిలిచే నెల్లూరు గొర్రెకు ఒత్తయిన ఉన్ని ఉండదు, మేకకు ఉన్నట్లు పొట్టి వెంట్రుకలే ఉంటాయి. అందుకే అది ఈ ఎండల్లో తిరిగి మేయగలుగుతుంది. కుందేళ్లలోనూ పొట్టి బొచ్చు, నిటారుగా నిలిచే చెవులు, మరీ చప్పిడిగా లేని ముఖం ఉన్నవాటినే చూసుకోవాలి. ఫోన్లలో చూసి ముచ్చటపడే దూదిబంతుల్లాంటి కుందేళ్లు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకచోట తప్పిపోతాయి.

ఈ లెక్కన మొదట చెప్పవలసింది డచ్ జాతి. మెడ, భుజాలు, ముందుకాళ్లు తెల్లగా ఉండి, చెవులు, బుగ్గలు, నడుము నుంచి వెనక భాగమంతా నల్లగానో బూడిద రంగులోనో ఉండే కుందేలు ఇదే. నుదుటి మీదుగా మూతి దాకా ఒక తెల్లటి చార దిగుతుంది, వెనక పాదాల కొసలు కూడా తెల్లగా ఉంటాయి. పెద్దదయ్యాక సుమారు 2 నుంచి 2.5 కిలోలు తూగుతుంది. అతి చిన్న జాతులతో పోలిస్తే ఇది పెద్దదే అయినా, స్వభావం నిలకడగా ఉంటుంది, మనుషులకు త్వరగా మచ్చికవుతుంది, పళ్ల జబ్బులు తక్కువ. మొదటిసారి పెంచేవారు కళ్లు మూసుకుని ఎంచుకోదగిన జాతి ఏదైనా ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం.

హిమాలయన్ జాతి దొరికితే అదీ మంచిదే. ఒళ్లు తెల్లగా, ముక్కు, చెవులు, పాదాలు, తోక మాత్రం ముదురు రంగులో, కళ్లు ఎర్రగా ఉంటాయి; బరువు 2 కిలోలు దాటదు. చిన్న జాతులన్నిటిలోకి నెమ్మదైనది ఇదేనని పెంపకందారులు చెబుతారు. దీని రంగులో ఒక విశేషం ఉంది. ఒంట్లో చల్లగా ఉండే భాగాల్లోనే ముదురు రంగు తయారవుతుంది కాబట్టి, చలిలో పెరిగిన దానికి మచ్చలు చిక్కగానూ వేడిలో పెరిగిన దానికి లేతగానూ వస్తాయి. కాబట్టి మన ఊళ్లో వేసవిలో పెరిగిన పిల్లకు ముక్కు మీది నలుపు వెలిసినట్లుంటే జాతి లోపమని అనుకోనక్కరలేదు.

మినీ రెక్స్ బొచ్చు మఖమల్ గుడ్డలా పొట్టిగా, ఒత్తుగా ఉంటుంది, బరువు 2 కిలోల లోపు. స్వభావం మంచిదే గాని పాదాల కింద వెంట్రుకలు పలుచన, అందువల్ల ఇనుప జాలీ మీద ఉంచితే మడమలు పుండ్లు పడతాయి. చదునైన నేల, దాని మీద గోనెపట్టా గాని ఎండుగడ్డి గాని పరచగలిగితేనే దీన్ని తెచ్చుకోవాలి.

ఇక అందరూ అడిగే అతి చిన్న జాతి నెదర్లాండ్ డ్వార్ఫ్. సుమారు 1 కిలో మాత్రమే తూగే ఈ కుందేలు గుండ్రటి తల, పొట్టి చెవులతో ఎప్పటికీ పిల్లలాగే కనిపిస్తుంది. కాని ముఖం కుదించుకుపోయినందువల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోక అడ్డదిడ్డంగా పెరగడం ఇందులో ఎక్కువ. చిన్నదైన కొద్దీ సాధువుగా ఉంటుందన్నది కూడా భ్రమే. ఇది చురుకైనది, బెదురు ఎక్కువ, ఎత్తుకోబోతే గింజుకుని దూకుతుంది. చెవులు వేలాడే హాలండ్ లాప్ దీనికంటే నెమ్మదైనదే. అయితే వాలిన చెవిలో దారి మడతపడి గులిమి పేరుకుంటుంది, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. మెడ చుట్టూ జూలు ఉండే లయన్‌హెడ్‌నూ, ఒళ్లంతా పొడవాటి ఉన్ని ఉండే అంగోరానూ ఏసీ గది వాటికే వదిలేయగలిగితే తప్ప ఈ జిల్లాలకు తీసుకురాకూడదు.

ఇవన్నీ తెలిసినా దుకాణం దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. మన దగ్గర కుందేలు జాతి పేరు చాలావరకు నోటిమాట; చిన్నగా కనిపించే ప్రతి పిల్లా అక్కడ డ్వార్ఫే. మాంసం కోసం పెంచే న్యూజిలాండ్ వైట్ పిల్లలు కూడా తెల్లగా, బొద్దుగా, అరచేతిలో ఇమిడేటట్లే ఉంటాయి. ఆరేడు నెలలు తిరిగేసరికి 4, 5 కిలోలవుతాయి. పిల్లను చూసి జాతి పోల్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టం కాబట్టి తల్లిదండ్రులను చూపించమని అడగాలి, చూపించగల పెంపకందారు దగ్గరే కొనడం ఉత్తమం. దుకాణంలో కొనవలసి వస్తే, పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి ఆ పత్రం చూపమని అడగవచ్చు. 8 వారాలు నిండని పిల్లను ఎంత ముద్దొచ్చినా తీసుకోకూడదు. ముందే తల్లిపాలు మాన్పించిన పిల్లల పేగులు గడ్డికి అలవాటు పడక, ఇంటికి వచ్చిన వారంలోపే విరేచనాలు పట్టుకుని చనిపోవడం తరచుగా జరిగేదే.

కుందేళ్లు ఉదయం, సాయంత్రం చురుకుగా ఉండి మధ్యాహ్నం మగతగా పడుకుంటాయి, అందువల్ల చూడటానికి సాయంత్రం పూటే వెళ్లాలి. బోను తలుపు తీయించి, పక్కన నేల మీద కూర్చుని, చేతిని పై నుంచి కాకుండా నేలకు ఆనించి పక్క నుంచి మెల్లగా లోపల పెట్టి ఊరుకోవాలి. పై నుంచి వచ్చే చెయ్యి దానికి గద్దతో సమానం. కాసేపటికి ముక్కు ఆడిస్తూ దగ్గరికి వచ్చి వేళ్లు వాసన చూసే పిల్లను గుర్తుపెట్టుకోవాలి. నుదుటి మీద నిమిరినప్పుడు తల కిందికి వాల్చి, పళ్లు మెల్లగా కదుపుతూ ఉంటే అది మచ్చికయ్యే రకం. వెల్లకిలా పడుకోబెట్టి, కదలకుండా ఉంది చూడండి, ఎంత సాధువో అని అమ్మేవారు చూపిస్తే నమ్మకూడదు. అది భయంతో కొయ్యబారిపోవడమే.

నచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకుని వివరంగా పరీక్షించాలి. బొటనవేళ్లతో పెదవులు పక్కకు తీసి చూస్తే పై ముందుపళ్లు కింది పళ్లకు కొంచెం ముందుగా కూర్చుని ఉండాలి; కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఇక్కడ తేడా ఉంటే తర్వాత ప్రతి కొన్ని వారాలకూ పళ్లు కత్తిరింపించవలసి వస్తుంది. ముందుకాళ్ల లోపలి వైపు బొచ్చు అట్టకట్టి ఉంటే, ముక్కు బయటికి శుభ్రంగా కనిపించినా అది కారే చీమిడిని కాళ్లతో తుడుచుకుంటోందని అర్థం. చెవి లోపల, ముక్కు కొస మీద తెల్లటి పొక్కు కట్టి ఉంటే గజ్జి. తోక కింద తడి, మరకలు ఉండకూడదు, బోనులో పెంటికలు గుండ్రంగా, పొడిగా ఉండాలి. ఆ బోనులో ఒక్కదానికి జబ్బు కనిపించినా మిగతావాటినీ వదిలి రావడమే మంచిది.

రోడ్డు పక్కన వల వేసి పట్టిన చెవులపిల్లులను ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోకూడదు. అవి అడవి జాతి, బోనులో మచ్చికకావు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం.

ఆడా మగా అన్నది కూడా కొనేటప్పుడే తేల్చుకోవాలి. దుకాణాల్లో జంటగా ఇవ్వడం ఆనవాయితీ. చిన్న జాతులు నాలుగో నెలకే ఎదకు వస్తాయి, చూడి కాలం సుమారు 31 రోజులే, ఈనిన మర్నాడే మళ్లీ కట్టగలవు. జంట కావాలంటే కలిసి పెరిగిన ఇద్దరు అక్కచెల్లెళ్లను తెచ్చుకోవడం మేలు. ఒక్కదానితో సరిపెట్టుకునేవారికి మగది ఎక్కువ మచ్చికవుతుంది, ఈడు వచ్చాక అక్కడక్కడా మూత్రం చిమ్మే అలవాటును మాత్రం భరించాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో కుందేలును ఎత్తుకోనివ్వకుండా, నేల మీద కూర్చుని ఆడుకోవడం నేర్పాలి. దాని వెన్నెముక చాలా పెళుసు, పట్టు తప్పి గింజుకుంటే నడుము విరుగుతుంది. చెవులు పట్టి ఎత్తడం అన్నది ఎవరూ చేయకూడని పని.

కొనడానికి సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. అప్పటికి తుపాను వానలు, చెమ్మ తగ్గుతాయి, వేసవి వచ్చేలోపు పిల్ల కొత్త ఇంటికి, మేతకు అలవాటు పడుతుంది. చెన్నై నుంచి తెచ్చుకునేవారు రాత్రి ప్రయాణం పెట్టుకోవాలి, గాలి ఆడే బుట్టలో గడ్డి వేసి తేవాలి, కారు డిక్కీలో పెట్టకూడదు. ఇంటికి వచ్చాక రేకుల షెడ్డు, మేడ మీది వరండా దానికి పనికిరావు. ఇంట్లో అన్నిటికంటే చల్లని గది, గచ్చు నేల, ఎండాకాలంలో గుడ్డ చుట్టిన ఐసు సీసా కావాలి. మేతలో ముప్పాతిక వంతుకు పైగా గడ్డే ఉండాలి. చేల గట్ల మీది గరిక, నేపియర్ గడ్డి బాగా పనికొస్తాయి, పురుగుమందు కొట్టిన పొలం పక్కన కోయకూడదు. మన దగ్గర కావలసినంత దొరికే వరిగడ్డి పరుపుకే గాని మేతకు చాలదు. అన్నం, బిస్కెట్లు అసలు పెట్టకూడదు.

డబ్బు చేతులు మారకముందే, కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవం ఉన్న పశువైద్యుడు దగ్గరలో ఎవరున్నారో కనుక్కోవాలి. ఊళ్లో లేకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి దాకా వెళ్లవలసి రావచ్చు. మందుల దుకాణంలో అడిగి తెచ్చే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులు నోటి ద్వారా వేస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి అది చనిపోతుంది. కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా దానికి విషమే. అది పూటంతా మేత ముట్టకుండా, పెంటికలు వేయకుండా ముడుచుకుని కూర్చుంటే తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుడికి ఫోన్ చేయాలి.