విండోస్ పక్కన లినక్స్ వేశాక ల్యాప్‌టాప్ మొండికేస్తే ఏం చేయాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి సరిపోని పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసి చూద్దామనుకునేవాళ్లు నాకు చాలామందే తగులుతున్నారు. ఇన్‌స్టాల్ చకచకా అయిపోతుంది. తిప్పలన్నీ రీస్టార్ట్ చేశాకే. ఒకటి కనిపిస్తే రెండోది కనిపించదు, లేదంటే నల్లటి స్క్రీన్ మీద 'గ్రబ్' (ఏ సిస్టమ్ తెరవాలో అడిగే లినక్స్ ప్రోగ్రామ్) అన్న మాట ఒక్కటే వెక్కిరిస్తూ ఉంటుంది. మొదటిసారి నాకిలా అయినప్పుడు టెన్షన్‌లో రెండూ చెరిపేసి మళ్లీ వేసుకున్నాను. రెండు రోజులు పోయాయి. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో, ఒక లైన్‌ను పైకి జరిపితే సరిపోయేదని తర్వాత తెలిసింది.

అందుకే ఫార్మాట్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇలాంటప్పుడు ఫైళ్లు సాధారణంగా ఎక్కడివక్కడే ఉంటాయి. తప్పిపోయేది వాటి దగ్గరికి వెళ్లే దారి.

బయోస్‌లో ఏదైనా మార్చే ముందు బిట్‌లాకర్ సంగతి చూసుకోండి, అది విండోస్ డిస్క్‌కి వేసే తాళం. మీ డిస్క్‌కి ఆ తాళం పడి ఉంటే, సెట్టింగ్ మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లకు అది చాలావరకు ఆ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లో తెరిచి, కాగితం మీద రాసుకున్నాకే ముందుకు కదలండి.

నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతోందా?

ఎక్కువమందికి వచ్చేది ఇదే. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ (దేన్నుంచి స్టార్ట్ కావాలో ఎంచుకునే జాబితా) కీని టకటకా నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. వచ్చే జాబితాలో 'లినక్స్ మింట్' కోసం వెతక్కండి, అక్కడ 'ఉబుంటు' అని ఉంటుంది. మింట్ ఉబుంటు మీదే కట్టింది కాబట్టి ఆ పేరే వాడుకుంటుంది. అది తెలియక ఇన్‌స్టాల్ కాలేదనుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు. దాన్ని ఎంచుకుంటే మింట్ తెరుచుకుందా, బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటును 'విండోస్ బూట్ మేనేజర్' కన్నా పైకి తెచ్చి సేవ్ చేయండి. అంతే.

జాబితాలో ఉబుంటు అసలే లేకపోతే, మింట్ ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌ను పాతకాలపు లెగసీ పద్ధతిలో బూట్ (స్టార్ట్) చేసి ఉండవచ్చు. విండోస్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరిచి బయోస్ మోడ్ ఏమిటో చూడండి. యూఈఎఫ్ఐ (లెగసీ బదులు వచ్చిన కొత్త పద్ధతి) అని ఉంటే, మింట్ కూడా అదే పద్ధతిలో ఉండాలి. మింట్ పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూలో యూఈఎఫ్ఐ అని మొదలయ్యే ఎంట్రీతోనే స్టార్ట్ చేయండి. నెట్ కలిపి, మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద 'బూట్ రిపేర్' తెరిచి, 'రికమెండెడ్ రిపేర్' నొక్కండి. పోయిన దారిని చాలాసార్లు అదే వేసేస్తుంది.

మింట్ వస్తోంది, విండోస్ మాయమైందా?

మింట్‌లో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి 'సుడో అప్‌డేట్-గ్రబ్' అనే కమాండ్‌ను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. విండోస్ దొరికితే దాని పేరు అక్కడే కనిపిస్తుంది. మీరు వేసింది మింట్ కాకుండా ఉబుంటు అయితే ఇంకో మెలిక ఉంది. గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే 'ఓఎస్ ప్రోబర్'ను మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని 'డిసేబుల్' చేసే లైన్ విలువ 'ఫాల్స్' అని ఉండాలి, ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేయాలి. తర్వాత అదే కమాండ్ మళ్లీ కొట్టాలి. మింట్‌వాళ్లు 21వ వెర్షన్ నుంచి దీన్ని తామే ఆన్ చేసి ఇస్తున్నారు.

'గ్రబ్ రెస్క్యూ' దగ్గర ఆగిపోయిందా?

లినక్స్ వద్దనుకుని విండోస్‌లోంచి దాని పార్టిషన్ (డిస్క్‌లో దానికి కేటాయించిన భాగం) డిలీట్ చేసినవాళ్లకు తరచుగా ఇదే ఎదురవుతుంది. యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్ అయితే పవర్ ఆపి, బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకోండి. విండోస్ వస్తే, బూట్ ఆర్డర్‌లోనూ దాన్నే పైన పెట్టేయండి.

మెనూ వచ్చి, మింట్ ఎంచుకోగానే స్క్రీన్ నల్లబడితే ఎన్‌విడియా గ్రాఫిక్స్ మీద అనుమానపడాలి. మింట్ లైన్ మీద ఉండగా 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుస చివర ఇంగ్లిష్‌లో 'నోమోడ్‌సెట్' (nomodeset) అని కలిపి, ఎఫ్10 కొట్టండి. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక డ్రైవర్ మేనేజర్‌తో సరైన డ్రైవర్ వేసుకోండి.

నిన్నటిదాకా బాగున్నది విండోస్ అప్‌డేట్ తర్వాత చెడిందా? 2024 ఆగస్టు అప్‌డేట్‌తో చాలామందికి లినక్స్ బదులు సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అన్న మెసేజ్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ దాన్ని 2025 మేలో సరిచేసింది. అలాంటి మెసేజ్ వస్తే బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే స్టార్ట్ కానిచ్చే కాపలా) కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, అప్‌డేట్లన్నీ వేసుకుని, మళ్లీ ఆన్ చేయండి. ఇక్కడా ఆ 48 అంకెల కాగితం పక్కనే ఉండాలి.

విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఎలాగూ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, మింట్‌లోంచి ఆ డ్రైవ్‌లో ఏమీ సేవ్ చేయనివ్వదు.

అన్నట్టు, ఆ మింట్ పెన్‌డ్రైవ్‌లో వెంటనే సినిమాలు ఎక్కించేయకండి. ఓ ఆరు నెలలైనా ల్యాప్‌టాప్ బ్యాగులోనే పడి ఉండనివ్వండి.