ఆర్‌ఓ ఫిల్టర్లు మార్చే ముందు

- ఏది మార్చాలో ముందు తేల్చుకోండి. సెడిమెంట్ (మట్టిని ఆపేది), కార్బన్ ఫిల్టర్లు మామూలుగా 6 నుంచి 12 నెలలు, మెంబ్రేన్ (కరిగిన ఉప్పుల్ని ఆపే పలుచటి పొర) 2–3 ఏళ్లు వస్తాయి. నీళ్లలో మట్టి ఎక్కువుంటే ఇంకా ముందే మూసుకుపోతాయి.

- టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) మీటరుతో లోపలికెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండూ చూడండి. 500 ఉన్నది 50 దగ్గరికి దిగితే మెంబ్రేన్ బాగున్నట్టే. 150 చూపిస్తుంటే దాని పని అయిపోవచ్చింది. మిషన్‌లో టీడీఎస్ కంట్రోలర్ ఉంటే మాత్రం ఈ లెక్క నమ్మకండి, అది మెంబ్రేన్ గుండా వెళ్లని నీళ్లు కొన్ని కలుపుతుంది.

- కార్బన్ ఫిల్టర్‌ని వాయిదా వేయొద్దు. అది క్లోరిన్‌ని ఆపకపోతే మెంబ్రేన్ పాడవుతుంది. చవకదాన్ని సాగదీసి ఖరీదైనదాన్ని పోగొట్టుకోవడమన్నమాట.

- ప్లగ్గు తీసి, నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేయండి.

- పైపులు ఊడదీసే ముందు ఫోన్‌లో ఒక ఫొటో. నవ్వకండి, చేతిలోకొచ్చాక తెల్ల పైపులన్నీ ఒకేలా ఉంటాయి.

- పాత నల్ల ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు రింగు) ఒక్కోసారి హౌసింగ్ (ఫిల్టర్ కూర్చునే డబ్బా) అంచుకే అంటుకుని ఉండిపోతుంది. వేలితో తడిమి చూడండి. దానిమీదే కొత్తది వేస్తే కారుతుంది.

- ఫిల్టర్ మీది బాణం నీళ్లు పారే వైపుకే ఉండాలి.

- మెంబ్రేన్‌ని సబ్బుతో కడుక్కున్న చేతులతోనే ముట్టుకోండి.

- మొదటి ట్యాంకు నీళ్లు తాగొద్దు, పారబోయండి.