పాత కార్లను పోల్చి చూడడం – పాఠం 3: రెండు థండర్‌బర్డ్‌లు

గత పాఠంలో ఒక్క కారు కొలతల పట్టికను చదవడం నేర్చుకున్నాం. ఈసారి రెండు పట్టికలను పక్కపక్కన పెట్టుకుందాం: ఫోర్డ్ 1957 థండర్‌బర్డ్, 1958 థండర్‌బర్డ్. పేరు ఒకటే, వయసులో తేడా ఒక్క ఏడాదే, అయినా రెండింటికీ పోలిక వెతుక్కోవాల్సిందే.

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా ఇంజన్‌తో మొదలుపెడతారు. నా సలహా వేరు. ఈ కారులో ఎంతమంది కూర్చోవాలని తయారీదారు అనుకున్నాడో ముందుగా అడగండి. 1957 కారులో ఇద్దరికే చోటు. కుటుంబం ఉన్నవాడు ఇలాంటి కారు కొనడన్న లెక్కతో ఫోర్డ్ 1958లో వెనక సీటు చేర్చింది. దాంతో 102 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 113 అంగుళాలైంది, మొత్తం పొడవు సుమారు రెండు అడుగులు పెరిగింది.

రెండో ప్రశ్న కట్టుబడి గురించి. 1957 కారుకు విడిగా ఉక్కు ఛాసిస్ ఉంటుంది, దాని మీద బాడీని బిగిస్తారు. 1958 కారులో బాడీ, ఛాసిస్ కలిసి ఒకే నిర్మాణం, అంటే మోనోకాక్. కారు ఎత్తు తక్కువగా ఉండాలని నేలను కిందికి దించడంతో, ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసం సీట్ల మధ్య ఎత్తయిన గట్టు మిగిలిపోయింది. దాన్ని దాచడానికి పైన కన్సోల్ అమర్చారు. చాలామంది అలంకారమనుకునే ఆ కన్సోల్ నిజానికి అవసరం కొద్దీ పుట్టింది. నాకు ఈ కారులో అన్నిటికన్నా నచ్చే భాగం అదే. కొనే ఉద్దేశంతో చూసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: మోనోకాక్ నేలకు పట్టిన తుప్పు కారు బలాన్నే తినేస్తుంది కనుక, 1958 కారు కింద ఎక్కువసేపు టార్చి వేసి చూడాలి.

ఇంజన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1957లో 312 ఘనపుటంగుళాల వి8కు (V ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్) 245 హార్స్‌పవర్, 1958లో 352 ఘనపుటంగుళాల వి8కు 300 హార్స్‌పవర్ అని ప్రకటించారు. రెండూ గ్రాస్ లెక్కలు, అంటే ఇంజన్‌ను కారు బయట పెట్టి, సైలెన్సర్ వంటి భారాలు లేకుండా కొలిచినవి కాబట్టి, ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. అమెరికా కంపెనీలు నెట్ లెక్కకు, అంటే ఆ భారాలతో సహా కొలిచే పద్ధతికి మారిన 1972 తర్వాతి కార్లతో మాత్రం వీటిని పోల్చకూడదు. పైగా 1958 కారు బరువు కూడా పెరిగింది కనుక, ఆ అదనపు 55 హార్స్‌పవర్ అంతా వేగంగా మారలేదు.

ఇక అమ్మకాలు. 1957లో 21,380 కార్లు తయారయ్యాయి. అమెరికా మాంద్యంలో ఉన్న 1958లో 37,892 తయారయ్యాయి. ఈ అంకెలు నాలుగు సీట్ల నిర్ణయం వ్యాపారపరంగా సరైనదని చెబుతాయే గానీ, ఏ కారు మేలైనదో చెప్పవు. నన్నడిగితే గీతల అందంలో 1957కే ఓటు వేస్తాను, ఇంజనీరింగ్ పాఠంగా మాత్రం 1958నే ఎంచుకుంటాను.

అభ్యాసం: ఛాసిస్ నంబరు మొదట్లో ఉండే ‘డి7ఎఫ్‌హెచ్’లో డి అంటే నాలుగు బ్యారెళ్ల (గాలి గొట్టాల) కార్బురేటరున్న 312 ఇంజన్, 7 అంటే 1957, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, హెచ్ అంటే థండర్‌బర్డ్. 1958లో వై అంటే విక్సమ్ ఫ్యాక్టరీ, జె అంటే కన్వర్టిబుల్. ఇప్పుడు ‘హెచ్8వైజె’ని విడదీసి రాయండి, మొదట్లో ఉన్న హెచ్ దేన్ని సూచిస్తుందో పై పేరాల్లోంచే పట్టుకోవచ్చు. జవాబు పాఠం 4 మొదట్లో ఉంటుంది.